ప్రైమరీ స్కూలు కరికులమ్‌కి మార్గదర్శక సూత్రాలు రాసుకోవడం ఎలా?

కొత్తగా హెడ్‌మాస్టర్ అయినవాళ్లు, స్కూలు పెట్టబోయేవాళ్లు, కరికులమ్ కమిటీలో పేరు పడినవాళ్లు అందరూ అడిగేది ఒకటే: "సూత్రాలు ఒక పేజీ రాసివ్వమన్నారు, శాంపిల్ ఏదైనా ఉంటే పంపండి." పంపడం రెండు నిమిషాల పనే. మీరు దాంట్లో స్కూలు పేరు మార్చి ఫైల్లో పెడతారు, పై వారం డ్రాయింగ్ పీరియడ్ లెక్కలకి ఇవ్వాలా వద్దా అని స్టాఫ్ రూములో గొడవ వస్తుంది, అప్పుడు ఆ ఫైలు తెరవాలని ఒక్కరికీ తోచదు. శాంపిల్‌తో వచ్చే చిక్కు అదే. కాబట్టి శాంపిల్ కాకుండా, మీ సూత్రాలు మీరే ఎలా రాసుకోవాలో వరసగా చెప్తాను.

మొదలుపెట్టే ముందు ఒక మాట. సిలబస్ వేరు, సూత్రం వేరు. ఏ తరగతిలో ఏ పాఠాలు అన్నది చాలా చోట్ల ప్రభుత్వమో బోర్డో ముందే నిర్ణయిస్తుంది, దాన్ని మీరు మార్చలేరు. కానీ దేనికి ఎంత టైమ్, ఏది ముందు, ఎంత లోతుగా, పిల్లవాడు వెనకబడితే ఏం చేయాలి అన్నవి చాలావరకు మీ చేతుల్లోనే ఉంటాయి. సూత్రాలు పనికొచ్చేది అక్కడే.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- మీకు వర్తించే సిలబస్ కాపీ, క్లాసుల వారీగా
- ఈ ఏడాది టైమ్‌టేబుల్, దానితో పాటు నిజంగా క్లాసులు జరిగిన రోజుల లెక్క (సెలవులు, పరీక్షలు, ఫంక్షన్ల రిహార్సల్స్ అన్నీ తీసేశాక మిగిలినవి)
- ప్రతి క్లాసు నుంచి ముగ్గురు పిల్లల నోటు పుస్తకాలు: బాగా చదివేవారు ఒకరు, మధ్యరకం ఒకరు, వెనకబడినవారు ఒకరు. మంచి నోట్సులే ఏరి తెస్తే ఈ పనంతా దండగ
- గత ఏడాది ప్రశ్నపత్రాలు
- ఐదుగురి నుంచి ఏడుగురి వరకు మనుషులు. ఇందులో ఒకటో తరగతి టీచర్ తప్పకుండా ఉండాలి, తల్లిదండ్రుల తరఫున ఒకరు ఉండాలి, హెడ్‌మాస్టర్ మాటకి "కాదండీ" అనగలిగేవారు కనీసం ఒకరు ఉండాలి
- ఖాళీ చీటీలు

రెండేసి గంటల చొప్పున మూడు నాలుగు సార్లు కూర్చుంటే పని అవుతుంది. ఒక్క రోజులో ముగించాలని చూడకండి. సాయంత్రమయ్యేసరికి అందరూ అలసిపోయి దేనికైనా సరే అనేస్తారు.

1. మీ స్కూల్లో ఇప్పుడు నడుస్తున్న సూత్రం ఏమిటో కనిపెట్టండి

మీరు రాసుకోకపోయినా సూత్రాలు ఇప్పటికే ఉన్నాయి. అవి టైమ్‌టేబుల్లో, నోటు పుస్తకాల్లో, ప్రశ్నపత్రాల్లో దాక్కుని ఉంటాయి. టైమ్‌టేబుల్ తీసి ఏ సబ్జెక్టుకి వారానికి ఎన్ని పీరియడ్లో లెక్కేయండి, పేపర్ మీద ఉన్నవి కాదు, నిజంగా జరిగినవి. నోటు పుస్తకాలు తెరిచి బోర్డు మీద నుంచి ఎక్కించినది ఎంత, పిల్లవాడు సొంతంగా ఆలోచించి రాసింది ఎంత అని చూడండి. క్లాసులో ముప్పై మంది నోట్సుల్లోనూ అదే జవాబు అవే మాటల్లో ఉంటే అక్కడ రాసింది ఒక్కరే, టీచరు. ప్రశ్నపత్రం తీసి, పాఠం అర్థం కాకపోయినా బట్టీ పట్టి జవాబు రాయగలిగే ప్రశ్నల పక్కన టిక్ పెట్టండి.

ఈ మూడూ చూశాక ఒక కాగితం మీద ఉన్నదున్నట్టు రాయండి. ఉదాహరణకి: "మా స్కూల్లో నోట్స్ నిండటం ముఖ్యం, చదవడం రావడం తర్వాత." ఇలా రాయడం కష్టంగానే ఉంటుంది. అయినా రాయండి, ఎవరినీ పేరు పెట్టి తప్పు పట్టకుండా.

ప్రత్యామ్నాయం: స్కూలు ఇంకా మొదలు కాలేదంటే, చేరబోయే టీచర్లని వాళ్లు ఇంతకు ముందు పనిచేసిన చోట ఇవే మూడు ఎలా ఉండేవో అడగండి. స్కూలు పేరు అక్కర్లేదు, అలవాటు తెలిస్తే చాలు.

2. ఆదర్శాలు పక్కన పెట్టి తగాదాలు పోగు చేయండి

చాలామంది వదిలేసేది ఈ మెట్టే, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనదీ ఇదే. ప్రతి ఒక్కరికీ చీటీలిచ్చి, ఈ ఏడాది బోధన విషయంలో ఎక్కడెక్కడ "ఏం చేయాలో తెలియలేదు" అనిపించిందో ఒక్కో చీటీ మీద ఒక్కోటి రాయమనండి. ఇలాంటివి వస్తాయి:

- రెండో తరగతిలో సగం మందికి చదవడం రాలేదు. పాఠం ముందుకు తీసుకెళ్లాలా, ఆపాలా?
- పరీక్షలొస్తున్నాయి. ఆటల పీరియడ్ తీసుకోవచ్చా?
- పాప ఇంటి భాషలో సరైన జవాబు చెప్పింది, స్కూలు భాషలో చెప్పలేకపోయింది. మార్కులు వేయాలా?
- ఒకటో తరగతికి హోంవర్క్ ఇవ్వాలా?
- విషయం బాగుంది, దస్తూరీ బాగాలేదు. ఎర్ర పెన్ను దేని మీద పెట్టాలి?
- తొందరగా పూర్తి చేసినవాళ్లని ఏం చేయాలి?

ముప్పై చీటీల దాకా రావచ్చు. ఒకేలాంటివి కలిపేయండి. మిగిలినవే మీ ముడిసరుకు. సూత్రం పుట్టాల్సింది ఇక్కడి నుంచి.

జాగ్రత్త: చీటీల మీద పేర్లు వద్దు. పేర్లుంటే కొత్త టీచర్లు నిజం రాయరు.

3. లక్ష్యాలనీ సూత్రాలనీ విడదీయండి

రాల్ఫ్ టైలర్ అనే అమెరికన్ విద్యావేత్త 1949లో కరికులమ్‌కి నాలుగు ప్రశ్నలు పెట్టాడు: ఏం సాధించాలి, అందుకు పిల్లలకి ఎలాంటి అనుభవాలు ఇవ్వాలి, వాటిని ఏ వరసలో పేర్చాలి, సాధించామో లేదో ఎలా తెలుసుకోవాలి. మొదటి ప్రశ్నకి జవాబు లక్ష్యం. మిగతా మూడింటి దగ్గర రెండు దారులు కనిపించినప్పుడు ఏది పట్టుకోవాలో చెప్పేది సూత్రం. థియరీ ఇంతకన్నా అక్కర్లేదు.

"ప్రైమరీ దాటేసరికి పిల్లవాడు ఎప్పుడూ చూడని ఒక పేజీ చదివి సొంత మాటల్లో చెప్పగలగాలి" అన్నది లక్ష్యం. "చదవడం రానంతవరకు ఏ సబ్జెక్టు పీరియడ్‌లోనైనా చదవడానికే మొదటి చోటు" అన్నది సూత్రం. రెండూ ఒకే పేరాలో కలిపేస్తే చదివేవాళ్లకి ఏది చేయాలో ఏది ఆశించాలో తెలియదు. లక్ష్యాలు వేరే కాగితం మీద పెట్టండి, మూడు నాలుగు చాలు.

4. ఒక్కో సూత్రాన్ని మూడు ముక్కల్లో రాయండి

ఏం చేస్తాం. దేన్ని కాదని చేస్తాం. క్లాసులో అది ఎలా కనిపిస్తుంది.

రెండో ముక్క లేని సూత్రం ఉత్త మంచిమాట. "పిల్లల సర్వతోముఖాభివృద్ధికి కృషి చేస్తాం" అని రాశారనుకోండి. దీనికి వ్యతిరేకం రాసి చూడండి: "పిల్లల అభివృద్ధికి కృషి చేయం." ఏ స్కూలైనా అలా అంటుందా? అనదు. వ్యతిరేకం ఎవరూ అనలేనిదైతే అసలు మాట కూడా ఏమీ చెప్పనట్టే, కొట్టేయండి. అదే "కొత్త పాఠం కన్నా వెనకబడినవారిని కలుపుకోవడం ముందు" అన్నది చూడండి, దీనికి వ్యతిరేకంగా నడిచే స్కూళ్లు బోలెడున్నాయి, వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి. అంటే మీరు నిజంగానే ఏదో ఒక పక్కన నిలబడ్డారన్నమాట.

రాసే పద్ధతి తెలియడానికి నాలుగు ఇస్తున్నాను. ఇవి మీ స్కూలుకి సరిపోతాయని కాదు.

*చేతితో ముందు, బొమ్మతో తర్వాత, అంకెతో చివర.* జెరోమ్ బ్రూనర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త చెప్పిన వరస ఇది. కాదనేది: ఒకటి రెండు తరగతుల్లో నేరుగా బోర్డు మీద లెక్క చేసి ఎక్కించుకోమనడం. ఎందుకో ఒక్క లెక్కతో తెలుస్తుంది. 43లోంచి 17 తీసేయమంటే చాలామంది పిల్లలు 34 అని రాస్తారు. ఏడులోంచి మూడు తీశారు, నాలుగులోంచి ఒకటి తీశారు, ఏ స్థానంలోనైనా పెద్ద అంకెలోంచి చిన్నది తీయడమే వాళ్లకి తెలుసు. వీళ్లకి ఇదే రకం లెక్కలు ఇంకో ఇరవై ఇస్తే ఇరవై తప్పులు చేస్తారు. పుల్లల్ని పదేసి కట్టలు కట్టి నాలుగు కట్టలు, మూడు విడి పుల్లలు చేతికిచ్చి పదిహేడు తీయమనండి. మూడే ఉన్నాయి, ఏడు కావాలి, ఒక కట్ట విప్పక తప్పదని వాళ్లకే తెలుస్తుంది, 26 మిగులుతాయి. క్లాసులో కనిపించేది: కొత్త లెక్క మొదలైన వారం బెంచీల మీద వస్తువులు ఉంటాయి, నోట్సులో పేజీలు తక్కువ నిండుతాయి. ఆ తక్కువ పేజీలకి ఎవరూ సంజాయిషీ అడగకూడదు. ఆ వాక్యం కూడా సూత్రంలోనే రాసేయండి.

*ఒకసారి చెప్పి వదిలేయం.* కాదనేది: యూనిట్ అయిపోయింది, టెస్ట్ అయిపోయింది, ఇక మర్చిపోవచ్చు అన్న అలవాటు. 1960లో బ్రూనరే ఈ సంగతీ చెప్పాడు, ఒకే విషయాన్ని ప్రతిసారీ కొంచెం లోతుగా తిరిగి ముట్టుకోవాలని. భిన్నాలే తీసుకోండి. మొదట్లో సగం, పావు మాత్రమే, కాగితం మడిచి. తర్వాత సమాన భాగాలు అంటే ఏమిటో, సమానం కాని ముక్కని సగం అనకూడదని. ఆ పైన మూడో వంతు పెద్దదా నాలుగో వంతు పెద్దదా (నాలుగు పెద్ద అంకె కాబట్టి నాలుగో వంతే పెద్దది అంటారు, ఈ తప్పు వచ్చినప్పుడు కంగారు పడకండి, మళ్లీ కాగితం మడతపెట్టించండి). కూడికలు ఆఖర్న. ఏ క్లాసు టీచరు ఎక్కడిదాకా తీసుకెళ్లాలో ఒకే కాగితం మీద ఉంటే "కింద క్లాసులో ఏమీ చెప్పలేదు" అన్న దెప్పిపొడుపులు తగ్గుతాయి.

*ఇంటి భాషలో వచ్చిన జవాబు జవాబే.* కాదనేది: భాష రాకపోవడాన్ని విషయం రాకపోవడంగా లెక్కేయడం. చదువు మొదలయ్యేది తల్లిభాషలోనే కావాలని యునెస్కో 1953లోనే సిఫారసు చేసింది, అందులో కొత్తేమీ లేదు. బోధనా భాష మార్చే అధికారం మీకు లేకపోవచ్చు, కానీ విషయం తెలుసో లేదో చూసే చోట ఇంటి భాషని ఒప్పుకోవడం, అదే జవాబుని స్కూలు భాషలో ఎలా చెప్పాలో వెంటనే నేర్పడం ఏ టీచరైనా చేయగల పని.

*పరీక్ష టీచరు కోసం.* దీనికి వివరణ ఎక్కువ అక్కర్లేదు. టెస్ట్ పెట్టిన మర్నాడు ఏదో ఒకటి మళ్లీ చెప్పకపోతే ఆ టెస్ట్ ఎందుకు పెట్టినట్టు?

5. తగ్గించండి, వరస పెట్టండి

ఐదు నుంచి ఎనిమిది మధ్య ఆపండి. దేశం మొత్తానికి రాసినవాళ్లే అంతలో సరిపెట్టుకున్నారు: భారతదేశంలో 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రంలో ఉన్నవి ఐదు, న్యూజిలాండ్ 2007 కరికులమ్‌లో ఎనిమిది. ఒక స్కూలుకి ఇరవై రెండు ఎందుకో నాకు ఎప్పటికీ అర్థం కాదు.

తగ్గించాక వరస పెట్టండి. రెండు సూత్రాలు ఢీకొంటే ఏది గెలుస్తుంది? ఉదాహరణకి "రోజూ ఆటకి టైమ్", "చదవడానికి మొదటి చోటు" రెండూ ఉన్నాయి, చదవడం రాని పిల్లల్ని ఆటల పీరియడ్‌లో కూర్చోబెట్టి చదివించవచ్చా? నన్నడిగితే వద్దు. విశ్రాంతి, ఆట పిల్లల హక్కులని 1989 నాటి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణంలోనే ఉంది, పైగా ఆట మానిపించి చదివిస్తే చదువంటే శిక్ష అన్న భావం పడుతుంది. ఆ టైమ్ ఎక్కించి రాసే పని తగ్గించి తెచ్చుకోండి. మీ కమిటీ వేరేలా అనుకోవచ్చు, కానీ ఏదో ఒకటి తేల్చి రాయాలి, "సందర్భాన్ని బట్టి" అని వదిలేస్తే గొడవని వాయిదా వేసినట్టే.

6. చీటీల మీద పరీక్షించండి

రెండో మెట్టులోని చీటీలు మళ్లీ తీయండి. ఒక్కో చీటీ చదివి, రాసుకున్న సూత్రాలే ఆధారంగా ఏం చేయాలో ఇద్దరు టీచర్లని విడివిడిగా రాయమనండి, ఒకరు రాసింది ఇంకొకరు చూడకుండా. ఇద్దరి జవాబూ ఒకటే అయితే సూత్రం పనిచేస్తోంది. వేర్వేరుగా వస్తే వాక్యంలో మసక ఉంది, తిరగరాయండి. ఏ చీటీకీ పనికిరాని సూత్రం ఉంటే అది అలంకారం, తీసేయండి. ఏ సూత్రానికీ అందని చీటీలు మూడు నాలుగు మిగిలితే మీకు ఒక సూత్రం తక్కువైంది.

దీన్ని దాటేసి ప్రింటింగ్‌కి పంపేవాళ్లే ఎక్కువ. దయచేసి దాటేయకండి, ఇందుకు గంట కన్నా ఎక్కువ పట్టదు.

7. టైమ్‌టేబుల్, నోటు పుస్తకం, ప్రశ్నపత్రం

ప్రతి సూత్రం కిందా ఈ మూడింట్లో ఏం మారుతుందో ఒక్కో వాక్యం రాయండి. చదవడానికి మొదటి చోటు అన్నారు కదా, రోజూ మొదటి పీరియడ్‌లో ఇరవై నిమిషాలు చదవడమేనా? ఎవరి పుస్తకం? చదవడం వచ్చినవాళ్లు అప్పుడు ఏం చేస్తారు? ప్రశ్నపత్రంలో పాఠ్యపుస్తకంలో లేని పేరా ఒకటి ఉంటుందా?

అన్నిటికన్నా గట్టి ప్రశ్న: ఇందుకోసం ఏం తీసేస్తున్నారు? రోజులో గంటలు పెరగవు. మొదట్లో లెక్కేసిన పనిదినాలు ఇప్పుడు ముందు పెట్టుకోండి. కొత్తది చేర్చిన ప్రతి చోటా పాతది ఒకటి పోవాలి, ఏది పోతుందో పేరు పెట్టి రాయాలి. రాయకపోతే పోయేది ఎప్పుడూ ఒకటే, ఆటో డ్రాయింగో పాటో.

అన్ని క్లాసులూ ఒకేసారి మార్చే ధైర్యం లేకపోతే మొదటి రెండు తరగతుల్లో మొదలుపెట్టండి. అక్కడ పరీక్షల టెన్షన్ తక్కువ, ఫలితం తొందరగా కనిపిస్తుంది.

8. తల్లిదండ్రులకి చెప్పండి

ఒకే పేజీ, ఇంట్లో మాట్లాడే భాషలో. "నిర్మాణాత్మక మూల్యాంకనం" లాంటి మాటలొద్దు. నోట్సులో పేజీలు తగ్గాయేమిటని మొట్టమొదట అడుగుతారు, అడగడం సహజమే, వాళ్లకి కనిపించే రుజువు అదొక్కటే. కాబట్టి ఇంకో రుజువు ఇవ్వండి: మీటింగ్‌కి వచ్చినప్పుడు వాళ్ల బిడ్డ చేత అప్పటికప్పుడు కొత్త పేరా చదివించండి. అలా చదివించాల్సింది ఆ ఇంటివాళ్ల ముందు మాత్రమే, అందరి ముందూ కాదు.

ఎక్కువగా జరిగే తప్పులు

ఎక్కడి నుంచో ఎత్తుకొచ్చి పెట్టుకోవడం గురించి పైన చెప్పేశాను.

పద్ధతిని సూత్రంగా రాయడం ఇంకోటి. "ప్రతి పాఠానికీ యాక్టివిటీ తప్పనిసరి" అని రాస్తారు, తర్వాత టీచరు పాఠం ఏదైనా రంగు కాగితాలు కత్తిరించి అతికించడం యాక్టివిటీగా చేస్తుంది, పిల్లలు గంటసేపు జిగురుతో కుస్తీ పడతారు, నేర్చుకున్నది జిగురు గురించే. యాక్టివిటీ ఒక దారి మాత్రమే. పిల్లవాడు దేని గురించి ఆలోచిస్తున్నాడన్నదే చూసుకోవాలి.

పై క్లాసు భయంతో కింది క్లాసుని నొక్కడం మరీ ప్రమాదం. "పై క్లాసులో కష్టం కదా, ఇప్పుడే అలవాటు చేయాలి" అంటూ మూడో తరగతి పని రెండోకి, రెండోది ఒకటోకి దిగుతుంది, చివరికి పెన్సిల్ సరిగా పట్టుకోవడం రాని పిల్లవాడికి రెండు పేజీల హోంవర్క్ వస్తుంది. ఒకటో తరగతి టీచర్ కమిటీలో ఉండి తీరాలన్నది ఇందుకే.

సూత్రాలు రాయించి, టీచర్ల పనిని మాత్రం పాత లెక్కతోనే కొలవడం. "సిలబస్ ఎంతవరకు అయింది?" అన్న ప్రశ్న ఒక్కటే అడిగే హెడ్‌మాస్టర్ దగ్గర ఏ సూత్రమూ నిలవదు. దాంతో పాటు "ఎంతమందికి వచ్చింది?" అని కూడా అడగాలి.

పనిచేస్తోందో లేదో ఎలా చూడాలి

ఒక టర్మ్ గడిచాక చూడండి, ముందే కాదు.

- నెల కిందట అయిపోయిన పాఠం నుంచి ముందు చెప్పకుండా మూడు ప్రశ్నలు ఇవ్వండి. ఇవి మార్కులకి కాదు. ఎంతమంది చేయగలిగారన్నది "ఒకసారి చెప్పి వదిలేయం" మీద మీకు వచ్చే తీర్పు.
- అప్పుడు పక్కన పెట్టిన ముగ్గురు పిల్లలవే కొత్త నోట్సులు తెప్పించి పాతవాటి పక్కన పెట్టండి. సొంత వాక్యాలు పెరిగాయా? ముఖ్యంగా వెనకబడిన పిల్లవాడివి చూడండి, ముందున్న పిల్లలు ఏ పద్ధతిలోనైనా నెట్టుకొస్తారు.
- ఒక క్లాసులో పావుగంట వెనక బెంచీలో కూర్చుని, టీచరు అడిగిన ప్రశ్నల్లో జవాబు ముందే తెలిసినవి ఎన్ని, పిల్లలు ఆలోచించాల్సినవి ఎన్ని అని గీతలు పెట్టుకోండి. తనిఖీలా కాకుండా, ముందే చెప్పి వెళ్లండి.
- ఇద్దరు ముగ్గురు పిల్లల్ని "నిన్న ఏం నేర్చుకున్నావు?" అని అడగండి. "ఇరవై మూడో పేజీ" అంటే ఇంకా పని ఉంది.
- ఈ టర్మ్‌లో ఎన్ని ఆటల పీరియడ్లు వేరే పనికి వెళ్లాయో రిజిస్టర్లో లెక్కేయండి.
- ఏ టీచరునైనా దారిలో ఆపి మీ సూత్రాల్లో రెండు చెప్పమనండి. పుస్తకంలో ఉన్న మాటలు అక్కర్లేదు. చెప్పలేకపోతే తప్పు ఆవిడది కాదు, మీ వాక్యాలు పొడుగయ్యాయి.

తేడా కనిపించకపోతే సూత్రం మార్చే ముందు ఏడో మెట్టులో తీసేస్తామని రాసుకున్నవి నిజంగా తీసేశారో లేదో చూడండి, ఎక్కువసార్లు అక్కడే ఆగిపోయి ఉంటుంది. అవి తీసేశాక కూడా తేడా రాకపోతే అప్పుడు ఆ ఒక్క సూత్రాన్ని మళ్లీ చీటీల దగ్గరికి తీసుకెళ్లండి. మొత్తం కాగితాన్ని ఏడాదికి ఒకసారి, టైమ్‌టేబుల్ వేయడానికి ముందు తిరగేస్తే చాలు. టైమ్‌టేబుల్ వేసేశాక తిరగేసి లాభం లేదు.